ఫీజు ఎంత అని అడిగితే గొంతు ఆగిపోతోంది: సొంతంగా సలహాదారు పని మొదలుపెట్టినవారు చెప్పండి

మామిడి పూత · తిరుపతి
శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చిత్తూరు జిల్లాలోని ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో చాలా ఏళ్లు నాణ్యత విభాగంలో పనిచేశాను. చివరి కొన్నేళ్లు ఆ విభాగం బాధ్యత నాదే. జూన్, జూలై నెలల్లో సీజన్ పట్టిందంటే రాత్రీ పగలూ తేడా ఉండదు. తోతాపురి మామిడి లోడు గేటు దాటినప్పటి నుంచి డబ్బాకు మూత పడేదాకా ప్రతి దశ రికార్డూ నా సంతకంతోనే వెళ్లేది. విదేశీ కొనుగోలుదారుల తరఫున ఆడిటర్లు వస్తే వారితో ప్లాంటంతా తిరిగి జవాబులు చెప్పింది కూడా నేనే.

అమ్మ ఆరోగ్యం దృష్ట్యా తిరుపతికి మారాం. ఇకపై ఆహార భద్రత సలహాదారుగా సొంతంగా పనిచేయాలని నిర్ణయించుకున్నాను. చంద్రగిరి, రేణిగుంట, పుత్తూరు వైపు పచ్చళ్లు, అప్పడాలు, మసాలా పొడులు, పాల పదార్థాలు తయారుచేసే చిన్న యూనిట్లు బోలెడు. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు మామిడి వ్యాపారం ఎలాగూ ఉంది. కాబట్టి పనికి కొదవ లేదు. చేయగలనా అన్న భయమూ లేదు.

ఇబ్బందల్లా ఎదుటివారు "మీరు ఎంత తీసుకుంటారు?" అన్న క్షణంలో మొదలవుతోంది. "ముందు వచ్చి చూస్తానండీ, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అంటాను. వెళ్లి పూటంతా తిరిగి, కనిపించిన లోపాలన్నీ చెప్పి, వాళ్లిచ్చిన కాఫీ తాగి వస్తాను. ఆ తర్వాత వాళ్లూ ఎత్తరు, నేనూ ఎత్తను. చెన్నై, బెంగళూరు నుంచి పేరున్న ఏజెన్సీలు వస్తుంటే నా దగ్గర ఒక బ్యాగు, ఒక థర్మామీటరు తప్ప ఏముంది అనిపిస్తుంది. నాకు తెలిసిందంతా నిజంగా నాదేనా, ఆ కంపెనీ గొడుగు కింద ఉన్నాను కాబట్టి తెలిసినట్లు అనిపించిందా అని కూడా.

ఇంకో మాట. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందాలని నిర్ణయించాల్సి వచ్చింది. రైతులు ట్రాక్టర్లతో ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉండటం చూసినదాన్ని. అలాంటి రంగంలో "నా సలహాకు ఇంత ఇవ్వండి" అని అడగడం న్యాయమేనా? ఈ దారిలో నడిచినవారు చెప్పండి.

పాకాల జంక్షన్ · పాకాల
శనివారం రాత్రి 10:02

అమ్మా, బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు చిన్న యూనిట్లకు ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసి ఇస్తుంటాను. మీరు రాసినదాంట్లో రెండు భయాలు కలగలిసిపోయాయి. నాకు పని తెలుసా అన్నది ఒకటి, డబ్బు అడగవచ్చా అన్నది మరొకటి. మొదటిది లేదని మీరే చెప్పారు. రెండోదానికి మీ చదువుతోగానీ అనుభవంతోగానీ సంబంధమే లేదు. జీతం అడగకుండానే ఒకటో తేదీన ఖాతాలో పడుతుంది. అడిగే అలవాటు ఇన్నేళ్లలో ఎప్పుడూ అవసరం కాలేదు. పైగా మన వైపు డాక్టరుకు, వకీలుకు తప్ప మిగతా ఎవరు ఏ సలహా చెప్పినా దాన్ని మాటసాయం కిందే లెక్కవేస్తారు.

అందుకని నోటితో చెప్పాలని ప్రయత్నించవద్దు. కాగితం మీద పెట్టండి. ఒక్క పేజీ చాలు. ఏం చూస్తారు, ఏం చూడరు, ఎన్ని రోజులు, చివరికి వాళ్ల చేతికి ఏమిస్తారు, ఎంత, ఎప్పుడు చెల్లించాలి. వాళ్లు ఫీజు అడగగానే "సాయంత్రంలోగా రాసి పంపుతానండీ" అనండి. ఆ వాక్యం చెప్పడానికి ఎవరికీ గొంతు ఆగదు.

"నాదా, కంపెనీదా" అన్న ప్రశ్నకు కూడా గీత గీయవచ్చు. ఆ ఫ్యాక్టరీ ఫార్ములాలు, కొనుగోలుదారుల పేర్లు, ధరలు వాళ్లవి. వాటి జోలికి వెళ్లవద్దు, ఎవరు అడిగినా చెప్పవద్దు. డబ్బా అతుకు కోసి చూసి, మూత అంచు మడత సరిగా పట్టలేదని చెప్పగలిగే కన్ను మాత్రం మీది. అది రాజీనామా చేసిన రోజు గేటు దగ్గర అప్పగించి రాలేదు కదా.

లీలామహల్ సెంటర్ · తిరుపతి
శనివారం రాత్రి 11:25

నేను చిన్న ఆస్పత్రులకు, ల్యాబులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమర్చి, సిబ్బందికి నేర్పిస్తాను. పాకాల జంక్షన్ గారి మాటకు లెక్క జోడిస్తాను. ఫీజు గాలిలోంచి పుట్టదు, అందుకే దాన్ని చెప్పేటప్పుడు తడబడతాం. దాని వెనుక కూడికలూ తీసివేతలూ ఉన్నాయని మనకు తెలిస్తే గొంతు స్థిరపడుతుంది.

ఉదాహరణకు ఇంటి ఖర్చు, ప్రయాణాలు, ఫోను, పన్నులు, కొంత పొదుపు అన్నీ కలిపి ఏడాదికి 9 లక్షలు కావాలి అనుకుందాం. ఏడాదిలో డబ్బు తెచ్చే రోజులు ఎన్ని? మొదటి ఏడాది 100 దాటవు అనుకోండి. మిగతా రోజులు క్లయింట్లను కలవడానికి, రిపోర్టులు రాయడానికి, చదువుకోవడానికి, బాకీలు వసూలు చేసుకోవడానికి పోతాయి. 9 లక్షలను 100తో భాగిస్తే రోజుకు 9,000. ఇది మీ గొప్పతనానికి కట్టిన వెల కాదు, పని నడవడానికి అయ్యే ఖర్చు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే.

దీనికి ఒక నియమం పెట్టుకోండి. ఎదుటివారు తగ్గించమంటే రేటు తగ్గించవద్దు, పని తగ్గించండి. "అంత పెట్టలేమండీ" అంటే "అయితే ఈసారి ముడిసరుకు నిల్వ, నీరు, ఈ రెండే చూస్తాను" అనాలి. ఒకసారి సగానికి దిగితే ఆ ఊళ్లో మీ రేటు సగమే అవుతుంది. పచ్చళ్ల యూనిట్ల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఉండరు.

ఉచితంగా చూసి రావడం గురించి నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. ఫోనులో అరగంట మాట్లాడటం ఉచితం. లోపలికి అడుగు పెడితే ఫీజు. ఎందుకంటే మీ రంగంలో చూడటమే పని. చూసి చెప్పేశాక ఇక అమ్మడానికి మిగిలేది ఏమీ ఉండదు.

మామిడి పూత · తిరుపతి
ఆదివారం ఉదయం 6:50

ఇద్దరికీ కృతజ్ఞతలు. "చూడటమే పని" అన్న వాక్యం రాత్రంతా తలలో తిరిగింది. లెక్క వేసుకుంటున్నాను. కానీ లోపల ఒక ప్రశ్న అలాగే ఉంది. ఏ రోజైనా ఎవరైనా "ఈవిడకు ఏమీ తెలియదు" అని కనిపెట్టేస్తారేమో అన్న గుబులు ఉద్యోగంలోనూ ఉండేది. అప్పుడు పైన మేనేజరు ఉండేవారు, పక్కన జట్టు ఉండేది. ఇప్పుడు ఎవరూ లేరు. అదే తేడా.

స్వర్ణముఖి · తిరుపతి
ఆదివారం ఉదయం 8:15

మానసిక శాస్త్రం బోధిస్తాను కాబట్టి ఈ ఒక్క విషయం మీద రాస్తాను. మీరు చెప్పిన గుబులును 1978లోనే పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు వర్ణించారు. వాళ్లు గమనించింది చదువులో, ఉద్యోగంలో బాగా రాణించిన మహిళలను. సాధించిందంతా కళ్లెదుటే ఉన్నా, అదంతా అదృష్టమనో, ఎవరో పొరబడ్డారనో అనుకునేవారు. రుజువులు పెరిగినకొద్దీ భయం తగ్గాలి కదా, తగ్గేది కాదు. ప్రతి విజయాన్నీ లెక్కలోంచి తీసేసే అలవాటే దానికి కారణం. కాబట్టి మీకు ఇంకా అర్హత రాలేదని ఆ గుబులు చెబుతోందని అనుకోకండి.

"నమ్మకం పెంచుకో" అని అద్దం ముందు నిలబడి చెప్పుకుంటే పని జరుగుతుందా? నాకు ఆ పద్ధతి మీద పెద్దగా గురి లేదు. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండురా 1977లో స్వీయ సామర్థ్యం, అంటే ఈ పని నేను చేయగలను అన్న నమ్మకం, మీద రాసిన సిద్ధాంతంలో ఆ నమ్మకానికి నాలుగు మూలాలు చూపారు. స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, మనలాంటివారు చేయగా చూడటం, ఇతరుల ప్రోత్సాహం, మన శరీరం, మనసు అప్పుడున్న స్థితి. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. మాటలతో ఇచ్చే ధైర్యం త్వరగా కరిగిపోతుంది.

అంటే మీకు ఇప్పుడు కావలసింది చిన్న పని. ఫీజు తీసుకుని చేసే పని, రెండు రోజుల్లో ముగిసే పని, ఫలితం కంటికి కనిపించే పని. ముగిశాక ఏమి మారిందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. "క్లయింటు సంతోషించారు" అని రాస్తే లాభం లేదు. "ముందు ఇలా ఉండేది, ఇప్పుడు ఇలా ఉంది" అని రాయాలి. గుబులు వచ్చిన రోజు మనసు ఆ విజయాలను కొట్టివేయడానికి చూస్తుంది. కాగితం మీద ఉన్నదాన్ని కొట్టివేయడం అంత సులువు కాదు.

పక్కన జట్టు లేదన్నారు. అది నిజమైన లోటు, మీ ఊహ కాదు. ఇదే రంగంలో ఒంటరిగా పనిచేసే మరో ఇద్దరిని వెతుక్కోండి. వారానికి ఒకసారి ఫోను చేసుకున్నా చాలు.

ఏర్పేడు ల్యాబ్ · ఏర్పేడు
ఆదివారం ఉదయం 10:40

అందరూ ధైర్యం చెబుతున్నారు. నేను సందేహం తరఫున మాట్లాడతాను. ఆహార పరీక్షల ల్యాబులో మైక్రోబయాలజీ చూస్తాను. మన రంగంలో అతి నమ్మకంతో తిరిగే సలహాదారులను చూస్తే నాకు భయమేస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే లెక్క తేడా వస్తుంది, సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ తప్పు జరిగితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

మామిడి పూత గారికి ఇది బాగా తెలుసు, మిగతావారి కోసం రాస్తున్నాను. మామిడి గుజ్జు పుల్లటి పదార్థం. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. తోతాపురి గుజ్జు పీహెచ్ సాధారణంగా 4 లోపే ఉంటుంది. క్లాస్ట్రీడియం బొటులినం అనే బ్యాక్టీరియా పీహెచ్ 4.6 లేదా అంతకన్నా తక్కువ ఉన్న చోట పెరిగి విషం తయారుచేయలేదు. అందుకే గుజ్జును మరుగునీటి స్థాయి వేడితో భద్రంగా నిల్వ చేయగలుగుతున్నాం. అదే డబ్బాలో పప్పో, కూరో పెట్టి మూత వేస్తే కథ మారిపోతుంది. వాటి పీహెచ్ 4.6 కన్నా చాలా ఎక్కువ. లోపల గాలి ఉండదు. ఆ బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే దాని రూపాలు, 100 డిగ్రీల మరుగుకు చావవు. ఒత్తిడిలో ఉన్న ఆవిరితో 121 డిగ్రీల దగ్గర, అదీ డబ్బాలోనో పౌచ్‌లోనో అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కే చోట, కనీసం 3 నిమిషాలకు సమానమైన వేడి అందాలి. అందిందని సెన్సర్లు పెట్టి కొలిచి నిరూపించాలి. బయట రుచీ వాసనా మారకుండానే లోపల విషం తయారై ఉండవచ్చు.

గుజ్జులో పదేళ్లు పండినవారు కూడా ఈ 4.6 గీత దాటి అటువైపు "నాకు తెలుసు" అనకూడదు. ఆ గీత దగ్గర మీకు కలిగే సందేహం మీ వృత్తి నేర్పిన సందేహం. దాన్ని పోగొట్టుకోవాలని చూడకండి. ఫీజు అడిగేటప్పుడు కలిగేది మాత్రం వట్టి బెరుకు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "ఆత్మవిశ్వాసం లేదు" అనుకుంటేనే ప్రమాదం. ఒకదాన్ని వదిలించుకోబోయి రెండోదాన్ని కూడా వదిలేస్తాం.

అందుకే పాకాల జంక్షన్ గారు చెప్పిన కాగితంలో "ఏం చూడరు" అన్న భాగం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అది ఎంత స్పష్టంగా ఉంటే మిగతా భాగంలో మీ మాట అంత గట్టిగా ఉంటుంది.

మామిడి పూత · తిరుపతి
ఆదివారం మధ్యాహ్నం 3:30

ఏర్పేడు ల్యాబ్ గారూ, మీ పోస్టు చదివాక మనసు తేలికపడింది. ఆ గీతకు ఇవతల నేను ఎక్కడ నిలబడ్డానో నాకు తెలుసు. దానికి ఆధారంగా ఈ మధ్య చూసిన ఒక సంగతి చెబుతాను.

చంద్రగిరి వైపు ఒక పచ్చళ్ల యూనిట్. శుభ్రంగా ఉంది, తలటోపీలు, చేతి తొడుగులు అన్నీ ఉన్నాయి. మంచి కంపెనీ పీహెచ్ మీటరు కొన్నారు. రిజిస్టరులో ప్రతి బ్యాచికీ పీహెచ్ రాస్తున్నారు. పేజీలు తిప్పుతుంటే అంకెలన్నీ దాదాపు ఒకేలా కనిపించాయి. కొత్త నిమ్మకాయ బ్యాచికీ పాత మామిడి బ్యాచికీ అంత దగ్గరగా రావు. మీటరు ఎలక్ట్రోడు చూపించమన్నాను. డిస్టిల్డ్ వాటర్ పోసిన గ్లాసులో నిలబెట్టి ఉంది. దాన్ని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. మామూలు డిస్టిల్డ్ నీళ్లలో రోజుల తరబడి ఉంచితే ఎలక్ట్రోడులోని లవణం బయటికి కారిపోయి, స్పందన మందగిస్తుంది. మీటరును సరిచూసుకోవడానికి వాడే, పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాల సీసాలు అడిగితే బీరువాలోంచి తీశారు. 4 బఫర్ గడువు దాటిపోయింది, 7 బఫర్ మూత అసలు తీయనే లేదు. అంటే మీటరును రెండు బిందువుల దగ్గర సరిచూడటం జరగలేదు. నా బ్యాగులో ఉన్న కొత్త బఫర్లతో పరీక్షిస్తే 4 దగ్గర చూపాల్సిన అంకె చాలా దూరంగా వచ్చింది. అంకె స్థిరపడటానికి పట్టిన సమయం కూడా ఎక్కువే.

ఆ యజమాని నా వైపు చూసిన చూపు మరచిపోలేను. "ఇన్నాళ్లూ ఈ రిజిస్టరు చూపించి నిశ్చింతగా ఉన్నానమ్మా" అన్నారు. నేను మాత్రం లోపల "ఇది ల్యాబులో మొదటి వారం నేర్పే సంగతే కదా" అనుకున్నాను. స్వర్ణముఖి గారు చెప్పిన "లెక్కలోంచి తీసేయడం" ఇదేనని ఇప్పుడు అర్థమవుతోంది. నాకు రోజువారీ అయినది ఆ యూనిట్‌లో ఎవరికీ తెలియదు. మొదటి వారం నేర్పేదే కావచ్చు, అక్కడ నేర్పేవారు ఎవరూ లేరు.

కుప్పం దారి · చిత్తూరు
ఆదివారం సాయంత్రం 5:05

నమస్తే మేడం. నేను అవతలి పక్షం. పచ్చళ్లు, పొడుల యూనిట్ నడుపుతున్నాను. సలహాదారులకు డబ్బు ఇచ్చేవాడిగా కొన్ని మాటలు చెబుతాను.

చెన్నై ఏజెన్సీ వాళ్లు వస్తే మంచి ఫైలు ఇస్తారు. నూరు పేజీలు ఉంటుంది, సగం మా యూనిట్‌కు సంబంధించనిదే. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లు ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తారు. ఫైలు వాళ్లు చదవరు. వాళ్లకు కావలసింది ఉప్పు ఎంత వేయాలి, చేయి ఎప్పుడు కడగాలి, పగిలిన సీసా కనిపిస్తే ఎవరికి చెప్పాలి అన్నది మన భాషలో, గోడ మీద, పెద్ద అక్షరాలతో. అది రాసి ఇవ్వగలిగినవారికి నేను సంతోషంగా ఫీజు ఇస్తాను. సమస్య వచ్చిన రోజు సాయంత్రానికి మనిషి మా గేటు దగ్గర ఉండటం కూడా నాకు ముఖ్యం. మీరు తిరుపతి నుంచి బస్సెక్కి రాగలరు. దాని విలువ మీకు తెలియడం లేదేమో గానీ మాకు తెలుసు.

ఫీజు విషయానికి వస్తే, మా వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను. ఎవరైనా ఫీజు చెప్పకుండా "తర్వాత చూద్దాం" అంటే నాకు అనుమానం వస్తుంది. చివర్లో పెద్ద మొత్తం అడుగుతారేమో, లేకపోతే ఏదైనా యంత్రం అంటగట్టి కమిషన్ తీసుకుంటారేమో అని. సూటిగా చెప్పినవారి దగ్గరే నాకు నిశ్చింత. బేరం ఆడతాను, అది మా అలవాటు. బేరం ఆడినంత మాత్రాన మిమ్మల్ని తక్కువ చేసినట్లు కాదు. మామిడి మండీలో కాయను తక్కువ చేసి మాట్లాడే వ్యాపారి ఆ కాయనే కొంటాడు కదా.

రైతుకు ధర లేని ఏడాది ఫీజు అడగడం న్యాయమా అన్నారు. ఆ ఏడాది గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర అంతకుముందు ఏడాది సరుకు మిగిలిపోవడం ధర పడటానికి ఒక కారణం. సరుకు ఆడిట్లలో నిలబడి విదేశాలకు కదిలితే కింద రైతుకూ గిరాకీ ఉంటుంది. మీ పని రైతుకు వ్యతిరేకం కాదు, అతని వైపే.

ఫుడ్ టెక్ బ్యాచ్ · తిరుపతి
ఆదివారం రాత్రి 8:20

మేడం, నేను ఈ ఏడాదే ఫుడ్ టెక్నాలజీ పూర్తి చేశాను. నాకూ ఇదే సందేహం ఉంది, నేను సలహాదారుగా పనికివస్తానా అని. మీ అందరి మాటలు చదివాక ఉద్యోగం వెతకకుండా నేరుగా మొదలుపెట్టేయాలని అనిపిస్తోంది. ఆహార భద్రత ప్రమాణం ఐఎస్ఓ 22000 మీద కోర్సు ఒకటి చేస్తే చాలా?

ఏర్పేడు ల్యాబ్ · ఏర్పేడు
ఆదివారం రాత్రి 8:55

తమ్ముడూ, నీ సందేహం నిజమే చెబుతోంది, దాని మాట విను. కోర్సు నీకు భాష నేర్పుతుంది. ప్రమాద విశ్లేషణ ఎలా చేయాలి, కీలక నియంత్రణ బిందువు అంటే ఏమిటి అని చెబుతుంది. రాత్రి రెండు గంటలకు రిటార్ట్ (ఒత్తిడిలో ఉన్న ఆవిరితో డబ్బాలను ఉడికించే యంత్రం) ఆగిపోయి, లోపల సగం ఉడికిన డబ్బాలు ఉంటే ఆ బ్యాచిని ఏం చేయాలో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. రెండు మూడు సీజన్లు ఏదైనా ఫ్యాక్టరీలో పనిచేసి చేయి తిరగనివ్వు. మేడం రిజిస్టరు చూడగానే అంకెలన్నీ ఒకేలా ఉన్నాయని పట్టేశారు చూడు, అది ఏ కోర్సులోనూ రాదు.

మామిడి పూత · తిరుపతి
ఆదివారం రాత్రి 9:15

బాబూ, వచ్చే సీజన్‌కు గుజ్జు ఫ్యాక్టరీల్లో క్యూసీ (నాణ్యత పరీక్ష) కెమిస్టులను తీసుకుంటారు. మే నెల మొదట్లోనే వెళ్లి కలువు. రాత్రి షిఫ్టు ఇస్తే కాదనకు, నేర్చుకునేది ఎక్కువగా అప్పుడే. ముడిసరుకు దగ్గర మొదలుపెట్టు. కాయలు మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ నిషేధం, ఇథిలీన్ వాయువు 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో 100) వరకు అనుమతి అని పుస్తకంలో చదివే ఉంటావు. గదిలో అది ఎలా అమలవుతుందో కళ్లతో చూడు. సందేహం వస్తే నాకు రాయి.

తిరుచానూరు ఆడిటర్ · తిరుచానూరు
సోమవారం ఉదయం 7:45

మామిడి పూత గారూ, పన్నుల భయం కూడా చాలామందిని వెనక్కి లాగుతుంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. నిజానికి మొదటి ఏడాది మీరు చేయాల్సింది చాలా తక్కువ.

సేవల మీద వార్షిక రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తమిళనాడులోని కృష్ణగిరి గుజ్జు ఫ్యాక్టరీకో, చెన్నై కంపెనీకో సేవ అందించినా ఆ పరిమితి అలాగే వర్తిస్తుంది. రాష్ట్రం దాటితే జీఎస్టీ తప్పదని భయపెట్టేవారి మాట పట్టించుకోవద్దు. ఆదాయపు పన్నులో సాంకేతిక సలహా వృత్తికి ఊహాజనిత లెక్క పద్ధతి ఉంది. 1961 చట్టంలో అది 44ఏడీఏ, కొత్త చట్టంలో సెక్షన్ సంఖ్య మారింది గానీ పద్ధతి కొనసాగుతోంది. రాబడిలో సగాన్ని లాభంగా చూపితే ఖర్చుల పుస్తకాలు విడిగా నిర్వహించనక్కర్లేదు. పరిమితి 50 లక్షలు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షలు. కంపెనీలు ఫీజులో కొంత టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) కింద పట్టుకుంటాయి. అది పోయినట్లు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

అన్నిటికన్నా ముందు ఉద్యం, అంటే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకోండి. ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. డబ్బు తీసుకుని చేసిపెడతానని ఎవరైనా అంటే వద్దనండి. దీనివల్ల మీకు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం అండ దొరుకుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే కొనుగోలుదారు ఎంత గడువు పెట్టుకున్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. పైగా గడువు దాటిన బకాయిని ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు కొనుగోలుదారులకు ఉండదు. అందుకే మార్చి దగ్గరపడేకొద్దీ వాళ్ల ఆడిటర్లే చెల్లించమని తొందరపెడతారు. డబ్బు అడగడం మీకు బిడియంగా ఉందని రాశారు కదా, ఈ విషయంలో చట్టం మీ తరఫున అడుగుతుంది.

కుప్పం దారి · చిత్తూరు
సోమవారం ఉదయం 9:30

మేడం, ఊరికే మాటలు ఎందుకు, నేనే అడుగుతాను. మా యూనిట్‌కు వచ్చి పచ్చళ్ల లైను మొత్తం చూడాలి. దాంతోపాటు వచ్చే సంక్రాంతికి పప్పు, సాంబారు పౌచ్‌లలో పెట్టి అమ్మాలని ఉంది, వేడి చేసుకుని తినేలా. యంత్రం కూడా చూసి పెట్టుకున్నాను. రెండింటికీ కలిపి మీ ఫీజు ఎంతో చెప్పండి.

మామిడి పూత · తిరుపతి
సోమవారం ఉదయం 11:10

నమస్తే అండీ. పచ్చళ్ల పని తీసుకుంటాను. ఒక పూట మీ యూనిట్‌లో పరిశీలన, మరో పూట రిపోర్టు, అందులో మీ సిబ్బంది కోసం తెలుగులో గోడ పత్రాలు నాలుగు. మొత్తం ఒక రోజు ఫీజు 9,000 రూపాయలు, ప్రయాణ ఖర్చు విడిగా. సగం ముందుగా, మిగతా సగం రిపోర్టు అందిన వారంలోగా. ఆవకాయ, నిమ్మకాయ, వెల్లుల్లి మూడూ చూస్తాను. వెల్లుల్లిని నూనెలో ఎలా నిల్వ చేస్తున్నారో ముఖ్యంగా చూడాలి, దాన్ని తగినంత పుల్లబరచకపోతే ఏర్పేడు ల్యాబ్ గారు చెప్పిన ప్రమాదమే అక్కడా ఉంటుంది. గత మూడు నెలల బ్యాచి రికార్డులు, బోరు నీటి పరీక్ష రిపోర్టు తీసి ఉంచండి.

పప్పు, సాంబారు పౌచ్‌లు నేను తీసుకోను. అవి 4.6 గీతకు అవతల ఉన్నవి. యంత్రం కొనేముందు ఆ వంటకానికి ఎంత వేడి, ఎంతసేపు అన్నది నిపుణులతో కొలిపించి కాగితం మీద తెచ్చుకోవాలి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐని సంప్రదించండి. వాళ్లకు ఏమేమి వివరాలు పంపాలో జాబితా నేను రాసి ఇస్తాను, దానికి ఫీజు లేదు. ఆ కాగితం వచ్చేదాకా యంత్రానికి అడ్వాన్సు ఇవ్వవద్దని నా గట్టి మాట.

కుప్పం దారి · చిత్తూరు
సోమవారం ఉదయం 11:40

7,000 చేయండి మేడం.

మామిడి పూత · తిరుపతి
సోమవారం ఉదయం 11:52

7,000కు అయితే గోడ పత్రాలు ఉండవండీ. పరిశీలన, రిపోర్టు మాత్రమే. ఏది కావాలో చెప్పండి, సాయంత్రంలోగా రాసి పంపుతాను.

కుప్పం దారి · చిత్తూరు
సోమవారం మధ్యాహ్నం 12:05

గోడ పత్రాలు కావాలి. 9,000కే పంపండి. గురువారం రాగలరా?

తిరుచానూరు ఆడిటర్ · తిరుచానూరు
సోమవారం మధ్యాహ్నం 12:30

వెళ్లేలోపే ఉద్యం నమోదు పూర్తి చేసి, ఇన్వాయిస్ మీద ఆ సంఖ్య వేయండి. చెల్లింపు గడువు కూడా అందులోనే రాయండి. ముందుగా తీసుకునే సగానికి విడిగా రసీదు ఇవ్వండి.